డిక్కీలో చోటెవరికి?

తీసుకెళ్లాల్సినవి రెండు. చోటు ఒక్కదానికే!

ఒకటి... అమ్మ కూర్చునే చక్రాల కుర్చీ. రెండోది... కారు స్టెప్నీ. నర్సీపట్నంలోని ఆ ఇంట్లో డిసెంబరు నెలంతా దీనిమీదే చర్చ.

'గాలి పోయినా నడిచే టైర్లకు స్టెప్నీ ఎందుకు నాన్నా?' అంటాడు కొడుకు.

'గాలి పోతే నడుస్తుంది, సరే. టైరే చిరిగితే?' అంటాడు తండ్రి.

అమ్మ మాత్రం ఏమీ అనదు. ఆమె అడిగింది ఒక్కటే. 'ఓసారి సీలేరు చూసొద్దాం.'

ఆయన సీలేరు విద్యుత్కేంద్రంలో పాతికేళ్లకు పైగా పనిచేశాడు. పిల్లలు పుట్టిందీ, పెరిగిందీ అక్కడి క్వార్టర్స్‌లోనే. రిటైరయ్యాక నర్సీపట్నంలో ఇల్లు కట్టుకున్నారు. కొండ దిగితే ఆసుపత్రి దగ్గర, విశాఖ దగ్గర అన్న లెక్కతో. ఆ లెక్క నిజమైంది. రెండేళ్ల కిందట ఆమెకు పక్షవాతం వచ్చింది. మాట నిలబడింది కానీ ఎడమ కాలు మాట వినడం మానేసింది. అప్పటినుంచీ ఇంట్లో ఏ ప్రయాణమైనా చక్రాల కుర్చీతోనే మొదలవుతుంది.

కారు కూడా ఆమె కోసమే కొన్నారు. అబ్బాయిది ఊళ్లోనే మందుల దుకాణం. పెద్ద కారు కొనే స్థోమత కాదు. అయినా హైదరాబాద్‌లో ఒకరు వాడి అమ్మేస్తున్న విదేశీ కంపెనీ కారును బేరమాడి తెచ్చాడు. తలుపు బాగా వెడల్పుగా తెరుచుకుంటుంది. సీటు, చక్రాల కుర్చీ ఒకే ఎత్తులో ఉంటాయి. అమ్మను ఎత్తక్కర్లేదు... జరిపితే చాలు. ఇంటిల్లిపాదికీ అది నచ్చింది.

తండ్రి మాత్రం కారు వచ్చిన రోజే డిక్కీ తెరిచాడు. కింద పరిచిన కార్పెట్ ఎత్తాడు. కింద గుంట లేదు. చక్రం లేదు. జాకీ లేదు. వీల్ స్పానర్ కూడా లేదు!

'ఒరేయ్, స్టెప్నీ కొట్టేశార్రా!' అన్నాడు.

ఎవరూ కొట్టెయ్యలేదు. ఆ కారు ఫ్యాక్టరీ నుంచి వచ్చిందే అలా!

స్టెప్నీ అనే ఊరి వీధి

మన మెకానిక్కులంతా ఇంత చనువుగా వాడే ఈ మాట ఓ వీధి పేరు. బ్రిటన్‌లోని వేల్స్ ప్రాంతంలో లనెల్లీ అనే పట్టణం ఉంది. అక్కడ స్టెప్నీ స్ట్రీట్‌లో డేవిస్ సోదరులకు దుకాణం ఉండేది. అప్పట్లో కార్లకు అదనపు చక్రమంటూ ఉండేది కాదు. పంక్చరైతే నడిరోడ్డు మీదే టైరు విప్పి, అతుకు వేసి, గాలి కొట్టుకోవాలి. ఈ అవస్థ చూసి ఆ సోదరులు 1904లో ఓ ఉపాయం కనిపెట్టారు. ఊచలు లేని రిమ్ముకు గాలి నింపిన టైరు తొడిగి, పాడైన చక్రం పక్కనే బిగించేసే ఏర్పాటు. వీధి పేరే దాని పేరైంది. తర్వాత చక్రం రూపం మారిపోయింది... పేరు మాత్రం మన దేశంలో అలాగే ఉండిపోయింది.

అంటే కార్లు మొదట్లో స్టెప్నీ లేకుండానే తిరిగాయి. నూరేళ్లు దాన్ని మోశాయి. ఇప్పుడు మళ్లీ వదిలేస్తున్నాయి. అమెరికాలో 1997లో వచ్చిన కొత్త కార్వెట్ అనే స్పోర్ట్స్ కారును ఈ రన్‌ఫ్లాట్ టైర్లతో, స్టెప్నీ లేకుండానే అమ్మారు. తర్వాత ఖరీదైన కార్లు చాలావాటికి ఇదే పద్ధతి పాకింది.

'పోలీసులు పట్టుకోరూ?' అన్నది పెద్దాయన రెండో అనుమానం. పట్టుకోరు. 2020 జులైలో కేంద్ర రవాణా శాఖ మోటారు వాహనాల నిబంధనల్ని సవరించింది. మూడున్నర టన్నుల లోపు ప్రయాణికుల వాహనాలకు ట్యూబ్‌లెస్ టైర్లు, గాలి తగ్గితే హెచ్చరించే పరికరం, పంక్చర్ కిట్ ఉంటే స్టెప్నీ తప్పనిసరి కాదంది.

చట్టం సరే. ఘాట్ రోడ్డు ఒప్పుకోవాలిగా!

వానలో వెలిగిన దీపం

రన్‌ఫ్లాట్ టైరు గొప్పతనమేమిటో ఆ కుటుంబానికి ఓ వానాకాలం రాత్రి తెలిసింది.

విశాఖలో డాక్టరుకు చూపించుకుని వస్తున్నారు. తాళ్లపాలెం జంక్షన్ దగ్గర హైవే వదిలి నర్సీపట్నం రోడ్డెక్కారు. కుండపోత. కాసేపటికి స్టీరింగ్ ముందు పసుపురంగు దీపం వెలిగింది. వెనక కుడి చక్రంలో గాలి పడిపోతోంది. అబ్బాయి ఆపలేదు. వేగం తగ్గించి, గుంతలు తప్పించుకుంటూ మాకవరపాలెం మీదుగా మెల్లగా ఇల్లు చేర్చాడు. వెనక సీట్లో అమ్మ నిద్రపోతూనే ఉంది. పొద్దున్న చెబితే గానీ పంక్చరైనట్టు ఆమెకు తెలియలేదు.

మామూలు టైరైతే ఏమయ్యేది? కారు బరువును మోసేది టైరు కాదు, అందులోని గాలి. గాలి పోగానే టైరు పక్కగోడలు మడతపడతాయి. రిమ్ము వాటిని నలిపేస్తుంది. ఆపి తీరాలి. ఆ వానలో, చీకట్లో, నడవలేని మనిషిని కార్లో ఉంచి జాకీ ఎత్తాలి! రన్‌ఫ్లాట్ టైర్లకు పక్కగోడల లోపల మందపాటి రబ్బరు పొర ఉంటుంది. వేడిని తట్టుకునే రకం. గాలి లేకపోయినా కాసేపు ఆ గోడలే బరువు మోస్తాయి. గంటకు 80 కిలోమీటర్లు దాటకుండా నడిపితే దాదాపు 80 కిలోమీటర్లు వెళ్లొచ్చన్నది కంపెనీలు సాధారణంగా చెప్పే లెక్క. గాలి పోయినట్టు తెలియకుండానే నడిచిపోతుంది కాబట్టి, హెచ్చరించే దీపం లేకుండా వీటిని వాడకూడదు.

'చూశారా నాన్నా!' అన్నాడు కొడుకు.

చూశాడు. తెల్లారాక అసలు కథ కూడా చూశాడు.

అబీద్ సెంటర్ దాకా నడిచి వెళ్లి పంక్చర్ షాపు అతన్ని ఇంటికి తీసుకొచ్చారు. జాకీ కూడా అతనే తెచ్చుకోవాల్సి వచ్చింది. చక్రం విప్పి, షాపుకు తీసుకెళ్లి, మిషనుకెక్కించాడు. టైరు రిమ్మును వదలదే! అరగంట కుస్తీ పట్టి చెమట తుడుచుకున్నాడు.

'ఏటి బాబూ ఇది... టైరా, బండరాయా? నా మిషనుకు లొంగదు. గట్టిగా లాగితే డిస్కు ఇరిగిపోద్ది. ఇశాపట్నం పట్టుకెళ్లండి.'

పక్కగోడలు అంత బిగువుగా ఉంటాయి మరి. వాటిని విప్పడానికి అదనపు చేతులున్న మిషను కావాలి. అబ్బాయి చక్రాన్ని విశాఖ తీసుకెళ్లాడు. అక్కడ విప్పితే లోపల నల్లటి రబ్బరు పొడి! గాలి లేకుండా నడిచినందుకు గోడలు లోలోపల అరిగాయన్నమాట. మేకు దిగింది చిన్న రంధ్రమే. నేలను తాకే భాగంలోనే. అయినా, ఇలా నడిచిన టైరును బాగుచేసి వాడొద్దన్నారు. కొత్తది వెయ్యాలి. ధర మామూలు టైరు కంటే బాగా ఎక్కువ. పైగా ఆ సైజు స్టాకు లేదు. వచ్చేసరికి నాలుగు రోజులు.

ఆ నాలుగు రోజులూ కారు వాకిట్లో ఇటుకల మీద నిలబడింది. మధ్యలో ఫిజియోథెరపీకి వెళ్లాల్సిన రోజు వచ్చింది. వేరే కారు మాట్లాడారు. దాని సీటు ఎత్తు. అమ్మను ఇద్దరు పట్టుకుని ఎక్కించేసరికి ఆమె కళ్లలో నీళ్లు. నొప్పికో, సిగ్గుకో ఎవరూ అడగలేదు.

తండ్రీ కొడుకులు ఇద్దరూ గెలిచిన, ఇద్దరూ ఓడిన పందెం అది. నడిరాత్రి ఇంటికి చేర్చింది ఆ టైరే. నాలుగు రోజులు కదలకుండా చేసిందీ ఆ టైరే!

క్యాలెండర్ వెనక లెక్కలు

డిసెంబరులో అమ్మ సీలేరు మాట ఎత్తగానే పెద్దాయన పాత క్యాలెండర్ కాగితం వెనక ఓ గీత గీశాడు. కరెంటు లైన్లు గీసిన చెయ్యి. ఊళ్లన్నీ వరుసగా రాశాడు. నర్సీపట్నం, డౌనూరు, లంబసింగి, చింతపల్లి, గూడెం కొత్తవీధి, ఆర్వీ నగర్, ధారకొండ, సీలేరు. పక్కనే మరో చిన్న గీత. నర్సీపట్నం, తాళ్లపాలెం, అనకాపల్లి, విశాఖ.

'ఇప్పుడు చెప్పు. 80 కిలోమీటర్లు అంటున్నావుగా... ఎక్కడి నుంచి ఎక్కడికి?'

విశాఖ దారి మొత్తం 80, 90 కిలోమీటర్ల మధ్య ఉంటుంది. ఎక్కడ పంక్చరైనా ఇటు ఇల్లో, అటు విశాఖో అందుతుంది. ఆ దారికి స్టెప్నీ అక్కర్లేదని పెద్దాయనే ఒప్పుకున్నాడు.

సీలేరు సంగతి వేరు. చింతపల్లి దాకానే దాదాపు 50 కిలోమీటర్లు. సీలేరు చేరేసరికి వంద దాటుతుంది. అక్కడ గాలి పోతే నర్సీపట్నం రావడానికి 80 సరిపోదు. వచ్చినా లాభమేముంది? ఆ మిషనుకు ఇది లొంగదని తెలిసిందేగా! పైగా ఆ 80 చదును రోడ్డు మీది మాట. బరువు పెరిగినా, వేడెక్కినా, రోడ్డు బాగోలేకపోయినా తగ్గుతుంది. లంబసింగి దాదాపు వెయ్యి మీటర్ల ఎత్తున ఉంటుంది. మలుపులు తిరుగుతూ ఎక్కాలి, దిగాలి. చలికాలంలో పర్యాటకుల కార్లతో దారంతా కిటకిట. చింతపల్లి దాటాక అడవి. సెల్ సిగ్నల్ వస్తూ పోతూ ఉంటుంది.

ఇంకో సంగతి. మేకు దిగితే రన్‌ఫ్లాట్ కాపాడుతుంది. పదునైన రాయి తగిలి పక్కగోడ చీలితే? గుంతలో పడి రిమ్మే వంగితే? బరువు మోసేది ఆ గోడేగా, అదే పోతే ఇక మోసేదెవరు? గట్టి గోడల టైరుకు గుంత దెబ్బ మరీ గట్టిగా తగులుతుంది. పంక్చర్ కిట్‌లో ఇచ్చే ద్రావకం కూడా నేలను తాకే భాగంలోని చిన్న రంధ్రాలనే మూస్తుంది. చీలికను మూయలేదు.

'మా రోజుల్లో డిపార్టుమెంటు జీపుకు రెండు స్టెప్నీలు ఉండేవిరా' అన్నాడు తండ్రి. 'ట్యూబులు, ప్యాచీలు, సొల్యూషను, చేతి పంపు... అన్నీ. ధారకొండ దాటాక మనకు మనమే.'

కొడుకు మరీ మొండివాడేం కాదు. స్టెప్నీ వద్దనడానికి అతని కారణం అతనికుంది. కారులో దానికంటూ గుంట లేదు. డిక్కీలో పైనే పెట్టాలి. అలా పెడితే మడతపెట్టిన చక్రాల కుర్చీ పట్టదు. వెనక సీట్లో పెడదామంటే అమ్మ కాలు చాపుకునే చోటది. చక్రాన్ని ఊరికే పడేస్తే సడన్ బ్రేకు వేసినప్పుడు ఎగిరొచ్చి మనుషులకు తగులుతుంది. బెల్టుతో బిగించి కట్టాల్సిందే.

నాలుగు మామూలు టైర్లు వేయించేద్దామనీ అనుకున్నారు. మెత్తగా ఉంటాయి, ఎక్కడైనా విప్పుతారు, ధర తక్కువ. కానీ అప్పుడు స్టెప్నీ ఎప్పుడూ డిక్కీలోనే ఉండాలి. చక్రాల కుర్చీకి ఇక శాశ్వతంగా చోటు లేనట్టే. వాన రాత్రి నిద్ర చెడకుండా ఇంటికొచ్చిన ఆ సుఖమూ పోతుంది. వద్దనుకున్నారు.

మరి సీలేరు?

రెండు రోజులు ఆ కాగితం బల్లమీదే ఉంది. మూడోరోజు సాయంత్రం, టీ తాగుతూ, అమ్మ అంది.

'కుర్చీ ఇక్కడే వదిలేద్దాం.'

ఇద్దరూ ఆమె వంక చూశారు.

'సీలేరులో కుర్చీ దొరుకుతుంది. చక్రం దొరకదు.'

వాకిట్లో రిహార్సల్

విషయం తేలిపోయింది. ఇక చక్రం వెతకాలి.

కారుకు సరిపోయే సన్నటి తాత్కాలిక చక్రం విశాఖలో దొరికింది. మామూలు చక్రంలో సగం వెడల్పు ఉంటుంది. బరువు తక్కువ, చోటూ తక్కువ. దానిమీద కూడా గంటకు 80 కిలోమీటర్లు దాటకూడదు. గాలి మాత్రం మామూలు టైరుకు 30, 35 ఉంటే దీనికి 60 దాకా ఉండాలి. ఎంత ఉండాలో టైరు మీదే రాసి ఉంటుంది.

కొని తెచ్చి డిక్కీలో పడేస్తే చాలదని పెద్దాయన పట్టుబట్టాడు. 'వాకిట్లో ఒకసారి బిగించి చూడు. కొండమీద కాదు, ఇక్కడ తెలియాలి' అన్నాడు. మంచిదే అయింది. ముందు చక్రానికి వేసి చూస్తే, రిమ్ము బ్రేకు భాగానికి తగలకుండా తిరిగింది. కానీ బోల్టులు సరిపోలేదు! ఈ కార్లకు నట్లు కాదు, బోల్టులు. సన్నటి రిమ్ముకు వేరే పొడవు బోల్టులు కావాలట. మళ్లీ విశాఖ. ఒక చక్రానికి దొంగలు విప్పకుండా ప్రత్యేకమైన బోల్టు ఉందనీ, దానికో తాళంలాంటి ముక్క కావాలనీ అప్పుడే తెలిసింది. ఆ ముక్క పాత యజమాని కాగితాల సంచిలో అడుగున దొరికింది. అది లేకపోతే పది స్టెప్నీలున్నా ఒక్కటే!

జాకీ కొన్నారు. స్పానర్ కొన్నారు. కారు బ్యాటరీతో నడిచే చిన్న గాలి పంపు, పంక్చర్ కిట్ కొన్నారు. దీపం వెలగగానే ఆపి గాలి కొట్టుకుంటే, గాలి లేకుండా నడిపే పని తప్పుతుంది. టైరు లోపల పాడవదు. చిన్న రంధ్రమైతే బాగుచేసి వాడుకోవచ్చో లేదో కంపెనీని బట్టి ఉంటుంది. కానీ ముందు టైరు బతికుండాలి కదా!

రెండోసారి రిహార్సల్‌లో కొడుకు చక్రం మార్చడానికి నలభై నిమిషాలు పట్టింది. తండ్రి వాచీ చూసుకుని, 'మా డ్రైవరుకు పదిహేను' అన్నాడు. అమ్మ వరండాలో కుర్చీలో కూర్చుని నవ్వింది. చాలా రోజుల తర్వాత గట్టిగా.

చెయ్యి పట్టుకుని కాదు... ఎత్తుకుని

సంక్రాంతికి ముందు వెళ్లారు. తెల్లవారుజామునే బయల్దేరి, లంబసింగి మంచులో దీపాలు వేసుకుని, చింతపల్లిలో టిఫిన్ చేసి, ఆర్వీ నగర్ కాఫీ తోటల మీదుగా, ధారాలమ్మకు దండం పెట్టుకుని. గుంతలున్న చోట అబ్బాయి నడక వేగంతో పోనిచ్చాడు. పసుపు దీపం వెలగలేదు.

సీలేరు కాలనీలో పాత క్వార్టర్ ముందు కారు ఆగింది. పక్కింటివాళ్లు ఇప్పుడు వేరే. అయినా విషయం వినగానే లోపల్నుంచి చేతులున్న చెక్క కుర్చీ తెచ్చారు. అటొకరు ఇటొకరు పట్టుకుని, ఆమెను అందులోనే ఎత్తుకుని క్వార్టర్ వాకిట్లోకి, అక్కణ్నుంచి నీళ్లు కనపడే చోటుకు తీసుకెళ్లారు. చక్రాల కుర్చీ ఎలాగూ ఆ దారిలో దొర్లేది కాదు.

'ఇక్కడే బట్టలు ఆరేసేదాన్ని' అందామె. అంతకన్నా ఎక్కువేమీ మాట్లాడలేదు. గంటసేపు అలాగే కూర్చుంది.

చీకటి పడేలోగా కొండ దిగేయాలని మధ్యాహ్నమే తిరుగు ప్రయాణమయ్యారు. స్టెప్నీ అవసరం రాలేదు. డౌనూరు దాటాక కొడుకు అద్దంలో తండ్రి వంక చూశాడు. ఆయన ఏమీ అనలేదు. అనవసరంగా మోశామన్న మాట కొడుకూ అనలేదు.

మర్నాడు పొద్దున్నే పెద్దాయన స్టెప్నీని డిక్కీలోంచి దింపించాడు. గాలి చూశాడు. 60కి రెండు తక్కువ. పంపు పెట్టి నింపాడు. పాత గోనెసంచి కప్పి, స్టోర్ రూములో ఎండ తగలని మూలన పెట్టాడు. పక్కనే జాకీ, స్పానర్, బోల్టుల డబ్బా, తాళం ముక్క. గోడ మీద సుద్దముక్కతో గాలి చూసిన తేదీ రాశాడు.

తర్వాత కొడుకు చక్రాల కుర్చీని మడిచి డిక్కీలో పెట్టాడు. సోమవారం విశాఖ వెళ్లాలి.